వ్యంగ్యం ఒకటా, నాలుగా? సాహిత్య పరిభాషలో చిక్కుముడులు

‘ఈ కథలో వ్యంగ్యం బాగా పండింది’ అని ఒక సమీక్షలో కనిపించినప్పుడు, ఆ సమీక్షకుడికి నచ్చినది ఏమిటో తేల్చుకోవడం అంత తేలిక కాదు. కథ పైకి ఒకటి చెబుతూ లోపల మరొకటి స్ఫురింపజేసిందని ఆయన ఉద్దేశం కావచ్చు. సమాజంలోని ఏదో అవకరాన్ని పట్టుకుని నవ్విస్తూనే ఎండగట్టిందని కావచ్చు. ఒక పాత్ర మరో పాత్రను వెటకారంగా దెప్పిందని కావచ్చు. పాత్ర కోరుకున్నదానికి సరిగ్గా వ్యతిరేకంగా కథ ముగిసిందనీ కావచ్చు. ఇవి నాలుగూ వేర్వేరు పనులు, వాటిని సాధించే తీరులు కూడా వేర్వేరు. తెలుగులో మాత్రం నాలుగింటికీ వ్యంగ్యమనే ఒక్క మాటే వాడుకలో స్థిరపడిపోయింది.

దీనికి పాఠకుల అజాగ్రత్త ఒక్కటే కారణం కాదు. సాహిత్యాన్ని గురించి తెలుగులో మాట్లాడుకునే మాటలు రెండు కాలాల్లో, రెండు దారుల్లో వచ్చి చేరాయి. మొదటి దారి సంస్కృత అలంకారశాస్త్రానిది. నాట్యశాస్త్ర కర్త భరతుడు మొదలుకొని దండి, ఆనందవర్ధనుడు, కుంతకుడు, మమ్మటుడు, అప్పయ్య దీక్షితులు వరకు ఎందరో పద్యాన్నీ నాటకాన్నీ ఎదురుగా పెట్టుకుని తయారుచేసిన పదజాలం అది. రెండవది ఆధునిక కథ, నవల, వచన కవితలతో పాటు వచ్చిన పాశ్చాత్య విమర్శ పరిభాష. రెండవదాన్ని తెలుగు చేసుకోవలసి వచ్చినప్పుడు మొదటిదాంట్లో సిద్ధంగా ఉన్న మాటలనే చాలావరకు తీసుకున్నారు. దాంతో ఒక్కో మాట రెండు మూడు బాధ్యతలు మొయ్యవలసి వచ్చింది. ‘రూపకం’ అలంకారశాస్త్రంలో ఒక అలంకారం, నాట్యశాస్త్రంలో నాటకజాతికంతటికీ పేరు, రేడియోలో పాటలతో కూడిన ప్రసారం. ‘ఇతివృత్తం’ ఒక వ్యాసంలో సంఘటనల అల్లిక, పక్క వ్యాసంలో కథ చెప్పదలచిన విషయం. అందువల్ల పరిభాషను నిర్వచనాల పట్టికలా కంఠస్థం చేసినవారికి కూడా అసలు రచన దగ్గరికి వచ్చేసరికి అది అక్కరకు రాకుండా పోతుంది. ప్రతి మాటా ఒకప్పుడు ఎవరో వేసుకున్న ప్రశ్నకు దొరికిన జవాబు. ఆ ప్రశ్నను తిరిగి పట్టుకుంటే మాట అర్థం దానంతట అదే తేటపడుతుంది.

మాటలను గాలిలో వివరించడం కన్నా ఒక చిన్న రచన మీద పెట్టి చూడటం మేలు. ఈ వ్యాసం కోసమే రాసుకున్న మూడు వాక్యాలివి: ‘నాన్న పోయి ఏడాదైంది. ఆయన పడక్కుర్చీ ఇంకా వరండాలోనే ఉంది. వాన మొదలైతే అమ్మ ముందు ఆ కుర్చీని లోపలికి లాగుతుంది, ఆ తర్వాతే తీగ మీది బట్టలు తీస్తుంది.’

ఇందులో వస్తువు ఏమిటి, కథాంశం ఏమిటి అన్నది మొదట తేలవలసిన సంగతి. భర్త పోయిన స్త్రీ, ఇంట్లో మిగిలిన ఆయన కుర్చీ – ఇది వస్తువు, అంటే రచన దేని గురించి అన్న ప్రశ్నకు జవాబు. పోయిన మనిషి మీది ప్రేమ ఆయన వాడిన వస్తువు మీది శ్రద్ధగా మారి బతుకుతుందన్నది కథాంశం, అంటే ఆ వస్తువును గురించి రచన ఏమంటోంది అన్నదానికి జవాబు. వస్తువును ఒక మాటలో చెప్పవచ్చు, కథాంశాన్ని చెప్పడానికి ఒక వాక్యం కావాలి. ‘ఈ కథ ఇతివృత్తం పేదరికం’ అని రాసేవారు వస్తువును చెప్పి ఊరుకుంటున్నారన్న మాట. పేదరికం గురించి ఆ కథ ఏమందో చెప్పే బాధ్యత ఇంకా అలాగే ఉండిపోయింది. ఇక సంఘటనల అల్లిక సంగతి. జరిగినవాటిని జరిగిన వరసలో చెబితే అది కథ. ఏది ముందు చెప్పాలి, ఏది దాచాలి, దేనికి ఏది కారణమని చూపాలి అని నిర్ణయించుకుని కూర్చితే అది కథాసంవిధానం. పై వాక్యాల్లో తండ్రి మరణం ముందే జరిగిపోయింది, వాన తర్వాత వచ్చింది. కానీ బరువంతా ‘ముందు’, ‘ఆ తర్వాతే’ అన్న రెండు మాటల మీద ఉంది. ఆ రెండింటినీ తారుమారు చేస్తే సంఘటనలన్నీ అవే ఉంటాయి, కథ మాత్రం మాయమవుతుంది.

సంవిధానం గురించి మాట్లాడేటప్పుడు ఆరంభం, ఆరోహణ, పరాకాష్ఠ, అవరోహణ, ముగింపు అనే అయిదు మెట్ల బొమ్మను పాఠ్యపుస్తకాలు తప్పకుండా గీస్తాయి. ఆ బొమ్మ గుస్తావ్ ఫ్రైటాగ్ అనే జర్మన్ రచయిత 1863లో ప్రచురించిన గ్రంథంలోది. ఆయన దాన్ని నాటకం కోసం, ముఖ్యంగా విషాదాంత నాటకాల నిర్మాణాన్ని వివరించడం కోసం గీశాడు. నాలుగు పేజీల కథానికలో పరాకాష్ఠ ఎక్కడుందో వెతకమని విద్యార్థిని అడగడం అంగీ కొలతతో చెప్పులు కుట్టడం లాంటిది. ఎన్నో మంచి కథానికలు పరాకాష్ఠ గడిచిపోయిన తర్వాత మొదలవుతాయి, లేదా అది రాకముందే ఆగిపోతాయి.

కథన పరిభాషలో అన్నిటికన్నా ఎక్కువ పని చేసేది, అన్నిటికన్నా తక్కువ చర్చకు వచ్చేది దృష్టికోణం. ఉత్తమ పురుష, ప్రథమ పురుష, సర్వసాక్షి అనే విభజనతో ఈ చర్చ సాధారణంగా ముగిసిపోతుంది. ఇది చాలదని 1972లో ఫ్రెంచి విమర్శకుడు జెరార్ జెనెట్ స్పష్టం చేశాడు. మాట్లాడుతున్నది ఎవరు అన్నది ఒక ప్రశ్న, చూస్తున్నది ఎవరు అన్నది వేరే ప్రశ్న అని ఆయన విడదీశాడు. పై మూడు వాక్యాల్లో మాట్లాడుతున్నది కొడుకో కూతురో. చూస్తున్నదీ వారే. అదే సంగతిని ఇలా రాసి చూడవచ్చు: ‘మబ్బు పట్టింది. కుర్చీ లోపలికి లాగాలి. తను లాగకపోతే ఈ ఇంట్లో ఇంకెవరికి పడుతుంది?’ ఇక్కడ మాట్లాడుతున్నది కథకుడే, కానీ చూపూ నిష్ఠూరమూ తల్లివి. ‘అనుకుంది’ అన్న క్రియను తీసేయడం వల్ల కథకుడి గొంతుకీ పాత్ర గొంతుకీ మధ్య ఉండే గోడ కూలిపోయింది. ఈ ప్రక్రియ యూరప్ నవలలో విరివిగా పెరిగింది. తెలుగులో దానికి మరో సౌకర్యం ఉంది. ‘తను’ అనే సర్వనామం ఎవరి మనసులోంచి మాట వస్తోందో వారినే సూచిస్తుంది. ‘ఆమె లాగకపోతే’ అని రాస్తే పాఠకుడు బయట నిలబడతాడు. ‘తను లాగకపోతే’ అనగానే లోపలికి వెళతాడు. ఒక్క సర్వనామంతో ఇంత దూరం నడిపించగల వీలు చాలా భాషలకు లేదు.

తెలుగులో ప్రథమ పురుష కథనానికి ఇంకో ప్రత్యేకత ఉంది. పాశ్చాత్య విమర్శ నుంచి పరిభాషను తెచ్చుకున్నవారు దాన్ని తరచు మరిచిపోతారు. తెలుగు కథకుడు పాత్రను పేర్కొన్న ప్రతిసారీ వాడు, అతను, ఆయన అనే మూడింటిలో, లేదా అది, ఆమె, ఆవిడ అనే మూడింటిలో ఒకదాన్ని ఎంచుకోక తప్పదు. ‘వచ్చాడు’ అనాలా, ‘వచ్చారు’ అనాలా అన్నదీ తేల్చుకోవాలి. అంటే పాత్రకూ కథకుడికీ మధ్య దూరం, గౌరవం, చనువు, వయసు, ఒక్కోసారి అంతస్తు కూడా మొదటి వాక్యంలోనే బయటపడతాయి. పూర్తిగా తటస్థంగా ఉండే సర్వసాక్షి కథకుడు తెలుగు వ్యాకరణంలో దాదాపు అసాధ్యం. కథ మొదట్లో ‘వాడు’ అయిన పాత్ర చివరికి ‘అతను’ అయితే, కథకుడి వైఖరిలో మార్పు వచ్చిందని ఇంకెక్కడా చెప్పనక్కరలేదు. విమర్శలో కంఠస్వరం అని పిలిచేది ఇలాంటి ఎంపికల మొత్తాన్నే. మన ఉదాహరణలో ‘పోయి’ అన్న మాటకు బదులు ‘కాలం చేసి’ అని గానీ ‘మరణించి’ అని గానీ రాస్తే వార్త మారదు, స్వరం మారుతుంది. స్వరం రచయిత పక్షాన ఉండేది. పాఠకుడి చుట్టూ అలముకునే వాతావరణం వేరు. చావు కబురును కులాసా స్వరంతో చెప్పి, చదివేవారికి వణుకు పుట్టించడం సాధ్యమే కనుక ఈ రెండింటినీ కలిపెయ్యకూడదు.

కథకుడు రచయిత కాడన్న సంగతి చెప్పడానికి తేలికే గానీ, చదివేటప్పుడు గుర్తుంచుకోవడం కష్టం. మన మూడు వాక్యాలనే మరో విధంగా రాసి చూడవచ్చు: ‘నాన్న పోయాక అమ్మకు మతిమరుపు ఎక్కువైంది. వాన కురుస్తున్నా తీగ మీది బట్టలు తియ్యాలని తట్టదు. ఆ పాత కుర్చీనే పట్టుకుని ఈడుస్తూ ఉంటుంది.’ చెబుతున్న మనిషి అబద్ధం ఆడటం లేదు, కళ్లతో చూసినదే చెబుతున్నాడు. కానీ చూసినదాని అర్థం అతనికి అందలేదు. పాఠకుడికి అందింది. ఇలాంటివాణ్ని నమ్మదగని కథకుడు అంటారు. 1961లో అమెరికన్ విమర్శకుడు వేన్ బూత్ ఈ పేరును ప్రచారంలోకి తెచ్చాడు. కథకుడికీ అసలు రచయితకీ నడుమ, రచన చదివేకొద్దీ పాఠకుడి ఊహలో రూపుకట్టే అంతర్నిహిత రచయిత ఒకడుంటాడని కూడా ఆయనే ప్రతిపాదించాడు. నమ్మదగని కథకుడంటే మోసగాడని చాలామంది అనుకుంటారు. మోసగాళ్లు అందులో ఒక వర్గం మాత్రమే. చిన్నపిల్లలు, అమాయకులు, ప్రేమలోనో కోపంలోనో ఉన్నవారు, తమ గురించి తాము ఎక్కువ అనుకునేవారు – వీరంతా అదే కోవలోకి వస్తారు.

చైతన్య స్రవంతి గురించి ఒక మాట చెప్పి ముందుకు సాగవచ్చు. ఆలోచనల సాగును ప్రవాహంతో పోల్చే ఈ మాటను 1890లో మనస్తత్వశాస్త్ర గ్రంథంలో ప్రసిద్ధం చేసినవాడు అమెరికన్ తాత్వికుడు విలియం జేమ్స్. ఒక నవలా రచయిత్రి పద్ధతిని వివరించడానికి 1918లో ఇంగ్లీషు రచయిత్రి మే సింక్లెయిర్ దాన్ని సాహిత్యంలోకి తెచ్చింది. పాత్ర తనలో తాను ఆలోచించుకున్న ప్రతి చోటా ఈ పేరు పెట్టకూడదు. తర్కబద్ధంగా, పూర్తి వాక్యాల్లో సాగే ఆలోచన స్వగతం మాత్రమే. ఒక తలపు మరో తలపును ఏదో వాసన వల్లో శబ్దం వల్లో లాక్కొస్తూ, వాక్యం తెగిపోతూ సాగినప్పుడే అది స్రవంతి.

మన మూడు వాక్యాల్లో లేనిది ఒకటుంది. ‘ప్రేమ’ అన్న మాట గానీ ‘దుఃఖం’ అన్న మాట గానీ ఎక్కడా లేదు. ‘అమ్మకు నాన్న మీద ప్రేమ ఇంకా తగ్గలేదు’ అని నాలుగో వాక్యం చేర్చి చూస్తే, అంతకుముందున్న మూడూ చప్పబడతాయి. చెప్పవద్దు, చూపించు అనే సలహాను కథారచన శిక్షణలో నేటి ఆవిష్కరణలా చెబుతుంటారు గానీ, రసాన్నో స్థాయీభావాన్నో (రసానికి మూలమైన స్థిరభావాన్నో) దాని పేరుతోనే చెప్పెయ్యడం దోషమని 11వ శతాబ్దంలో మమ్మటుడు రసదోషాల్లో చేర్చాడు. దాని పేరు స్వశబ్దవాచ్యత. విభావ, అనుభావ, వ్యభిచారి భావాల (వచ్చి పోయే తాత్కాలిక భావాల) సంయోగం వల్ల రసం నిష్పన్నమవుతుందని భరతుడు చెప్పిన సూత్రం ఆ దోషానికి వెనుక ఉన్న తర్కం. ఆయన చెప్పిన రసాలు ఎనిమిది, శాంతం తర్వాత చేరింది. ఎవరిని ఆశ్రయించుకుని భావం పుడుతుందో అది ఆలంబన విభావం – ఇక్కడ పోయిన తండ్రి. దాన్ని రగిలించేది ఉద్దీపన విభావం – కుర్చీ, వాన. లోపలి భావం బయటికి కనిపించే చేష్ట అనుభావం – ముందుగా కుర్చీని లాగడం. భావాన్ని పేరు పెట్టి పిలవకుండా, అది కదలవలసిన వస్తువులనూ చేష్టలనూ అమర్చడమే రచయిత పని అని దీని అర్థం. 1919లో ఇంగ్లీషు కవి, విమర్శకుడు టి.ఎస్. ఎలియట్ ఒక వ్యాసంలో ఇంచుమించు ఇదే మాట అన్నాడు: ఒక ఉద్వేగాన్ని కళలో వ్యక్తం చెయ్యాలంటే దానికి సూత్రంలా పనిచేసే వస్తువులు, సందర్భం, సంఘటనల వరస దొరకాలని. భరతుడూ ఎలియట్ వేర్వేరు అవసరాలతో బయలుదేరి ఒకే చోటికి చేరారు. అయితే ఎలియట్ దృష్టి కవి చేతి పని మీద ఆగింది, రస సిద్ధాంతం ఆ పని సహృదయుడిలో, అంటే స్పందించగల పాఠకుడిలో, ఏమవుతుందో కూడా చెప్పింది. ఈ విషయంలో పాత పరిభాషే నిండుగా ఉంది.

ఈ అమరిక వల్ల పుట్టే అర్థానికే ధ్వని అని పేరు. 9వ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడు దాన్ని కావ్యానికి ఆత్మ అన్నాడు. మాటకు ఉండే శక్తులను మూడుగా వివరించడానికి శాస్త్రకారులు తరతరాలుగా ఒకే ఉదాహరణ వాడుతూ వచ్చారు: ‘గంగలో గొల్లపల్లె.’ ప్రవాహం మీద పల్లె నిలవదు కాబట్టి మాటకున్న నేరు అర్థం, అంటే అభిధ, ఇక్కడ దెబ్బతింటుంది. ప్రవాహానికి ఆనుకుని ఉన్న ఒడ్డు అన్న అర్థం లక్షణ వల్ల వస్తుంది. మరి ‘గంగ ఒడ్డున’ అని తిన్నగా అనవచ్చు కదా? అలా అనకుండా ‘గంగలో’ అనడం వల్ల ఆ పల్లెకు గంగ చల్లదనం, పావనత్వం అంటుకున్నాయి. ఆ స్ఫురణ వ్యంజన వల్ల వచ్చింది. స్ఫురించిన ఆ అర్థం వ్యంగ్యార్థం. వ్యంగ్యమన్న మాట పుట్టిల్లు ఇది. ఇక్కడ నవ్వు లేదు, ఎత్తిపొడుపు లేదు. ఒకదానికి ఆనుకుని ఉన్నదాని పేరుతో దాన్ని పిలిచే పద్ధతి నిత్యవ్యవహారంలోనూ ఉంది. ‘ఊరంతా నవ్వింది’ అంటే నవ్వింది ఇళ్లూ వీధులూ కావు. ‘కుర్చీ కోసం కొట్టుకుంటున్నారు’ అంటే కొట్లాట కర్ర సామాను కోసం కాదు. పోలిక మీద కాక సంబంధం మీద నిలబడే ఈ మాటలను రూపకాలనడం సరికాదు, ఇవి లక్షణ కిందికి వస్తాయి.

ఇక పోలికలు. నాట్యశాస్త్రం పేర్కొన్న అలంకారాలు నాలుగే: ఉపమ, రూపకం, దీపకం, యమకం. 16వ శతాబ్దంలో అప్పయ్య దీక్షితులు కువలయానందం రాసేనాటికి వాటి సంఖ్య వంద దాటింది. ఆ పట్టికను చూసి బెదిరిపోయేవారికి ఆయనే మరో గ్రంథంలో ఊరట చెప్పాడు: ఉపమ అనే నటి ఒక్కతే, రకరకాల వేషాలు వేసుకుని కావ్యరంగం మీద ఆడుతోందని. వాన పడిన వీధిని తీసుకుంటే ఆ వేషాలు కనిపిస్తాయి. ‘వీధి ఏరులా పారుతోంది’ అంటే ఉపమ. ఉపమేయమైన వీధి, ఉపమానమైన ఏరు, పారడమనే సమానధర్మం, ‘లా’ అనే ఉపమావాచకం – నాలుగూ ఉన్నాయి కనుక పూర్ణోపమ. ‘లా’ తీసేసి ‘వీధి ఏరైపోయింది’ అంటే రెండింటికీ అభేదం చెప్పినట్టు, అది రూపకం. ‘ఇది వీధి కాదు, ఏరు’ అని ఉన్నదాన్ని కాదంటే అపహ్నుతి. ‘వీధా, ఏరా?’ అని తేల్చుకోలేకపోతే సందేహం. ఏరే అనుకుని కొంగ వచ్చి వాలితే భ్రాంతిమంతం. ‘కొండల్లో దారి తప్పిన ఏరు ఇటు వచ్చిందేమో!’ అంటే ఉత్ప్రేక్ష. వీధి మాటే ఎత్తకుండా ‘మా గుమ్మం ముందు ఏరు పారుతోంది’ అంటే ఉపమానం ఉపమేయాన్ని మింగేసింది. అతిశయోక్తిలో ఒక భేదమిది. ఈ అలంకారాల మధ్య తేడా పోల్చే మనసు ఎంత నమ్మకంతో ఉందన్నదే. ఉపమలో తెలివి మెలకువగా ఉంటుంది, ఉత్ప్రేక్షలో ఊహ ఒక అడుగు ముందుంటుంది, భ్రాంతిలో తెలివి పూర్తిగా ఓడిపోతుంది. ఒక పాత్ర మానసిక స్థితిని చూపవలసిన రచయితకు ఈ మెట్లు అలంకారాల జాబితాగా కన్నా పనిముట్లుగా ఎక్కువ ఉపయోగపడతాయి.

రూపకానికీ ప్రతీకకూ మధ్య తేడా దగ్గర చాలా విమర్శలు తడబడతాయి. రూపకం వాక్యంలో పుట్టి వాక్యంలోనే పని పూర్తి చేసుకుంటుంది. వీధి నిజంగా ఏరు కాదని అందరికీ తెలుసు. ప్రతీక అలా కాదు. పడక్కుర్చీ కథలో నిజంగా ఉంది, తడుస్తుంది, బరువుగా ఉంటుంది, లాగితే గచ్చు మీద చప్పుడు చేస్తుంది. అది కుర్చీగా ఉంటూనే తండ్రి స్థానాన్ని కూడా నింపుతుంది. ఒకసారి కనిపించినంత మాత్రాన ఏ వస్తువూ ప్రతీక అయిపోదు. మళ్లీ మళ్లీ కీలకమైన చోట్ల రావాలి, వచ్చిన ప్రతిసారీ కాస్త అర్థాన్ని కూడగట్టుకోవాలి. ఇంద్రియాలకు తగిలేట్టు ఒక దృశ్యాన్నో స్పర్శనో కట్టి ఊరుకునేది భావచిత్రం. ప్రతీకకు అది ముడిసరుకు. ఇక పాత్రలకూ సంఘటనలకూ అన్నిటికీ వెనుక మరో అర్థం వరసగా లెక్క కుదిరేట్టు రాస్తే అన్యాపదేశం అవుతుంది. అన్యాపదేశాన్ని విప్పి చెబితే అంతా వచ్చేస్తుంది, ప్రతీకను ఎంత విప్పినా కొంత మిగిలే ఉంటుంది. ఏ కథలో పక్షి ఎగిరినా స్వేచ్ఛకు ప్రతీక అని రాసే అలవాటు ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్లనే వచ్చింది.

మొదట వదిలిన వ్యంగ్యం దగ్గరికి ఇప్పుడు రావచ్చు. ఆనందవర్ధనుడి అర్థంలో అది స్ఫురించే అర్థం మాత్రమే. అవకరాన్ని ఎండగట్టే రచనకు అధిక్షేపం అన్న మాట ఉంది. ఒకరిని నొప్పించాలని తిరగేసి అనే మాటకు వెటకారం, ఎత్తిపొడుపు అని చక్కటి వాడుక మాటలున్నాయి. ‘ఎంత మేలు చేశావయ్యా!’ అని అపకారం చేసినవాడితో అనడంలో మాట ఒకవైపు, ఉద్దేశం దానికి ఎదురువైపు ఉంటాయి. శాస్త్రంలో అది విపరీత లక్షణ. పొగిడినట్టే ఉండి తిట్టడం, తిట్టినట్టే ఉండి పొగడటం వ్యాజస్తుతి. మిగిలినది మాటలో కాక పరిస్థితిలో ఉండే వైపరీత్యం. పాత్రకు తెలియనిది పాఠకుడికి తెలిసి ఉండటం దానిలో ఒక రకం. దానికి నాటకీయ వ్యంగ్యమని పేరు పడింది. తల్లికి మతిమరుపు వచ్చిందని బాధపడే బిడ్డ గొంతులో కథ చెప్పినప్పుడు జరిగింది అదే. తప్పించుకోవడానికి చేసిన పనే ఆపదను తెచ్చిపెట్టడం మరో రకం. అరిస్టాటిల్ క్రీ.పూ. 4వ శతాబ్దంలో విషాదాంత నాటకాన్ని పరిశీలిస్తూ దశ తారుమారు కావడం, అసలు సంగతి గుర్తించడం అనే రెండూ ఒకేసారి సంభవిస్తే అది శ్రేష్ఠమన్నాడు. పరిస్థితిలోని వైపరీత్యానికి అంతకు మించిన వివరణ ఇప్పటికీ కష్టమే. ఇన్ని మాటలు అందుబాటులో ఉండగా అన్నిటికీ వ్యంగ్యమనే చెప్పుకుపోవడం భాషకు లోటు ఉండటం వల్ల కాదు, చూపులో ఓపిక తగ్గడం వల్ల.

శబ్దం వైపు కూడా మాటలు ఇలాగే దారి మళ్లాయి. సంస్కృత ఛందస్సులో యతి అంటే పాదంలో విరామం. తెలుగు పద్యంలో అది విరామం కాదు, పాదం మొదటి అక్షరానికి నియతమైన చోట మైత్రి గల అక్షరాన్ని వెయ్యడం. ఇరవై అక్షరాల ఉత్పలమాలలో ఆ చోటు పదో అక్షరం. ప్రాస అంటే వాడుకలో పాదాల చివర ఒకే ధ్వని రావడం. ఛందస్సులో మాత్రం అది అంత్యప్రాస, ప్రాస అంటే నాలుగు పాదాల్లోనూ రెండవ అక్షరంలో ఒకే హల్లు ఉండటం. ఉత్పలమాల, చంపకమాల వంటి వృత్తాల్లో ప్రాస తప్పనిసరి. ఆటవెలది, తేటగీతుల్లో ఆ నియమం లేదు. ఇవన్నీ పోయాక వచన కవితకు మిగిలిన ప్రధానమైన సాధనం పాదాన్ని విరిచే చోటు. ఆ కుర్చీనే కవితలోకి తెస్తే:

వరండాలో కుర్చీ
ఖాళీగా లేదు
వాన కూర్చుంది

రెండో పాదం దగ్గర పాఠకుడు ఒక క్షణం ఆగుతాడు. ఖాళీగా లేదంటే ఎవరో ఉన్నారన్న మాట, బహుశా ఆయనే వచ్చాడేమో అన్న అసాధ్యమైన ఆశ ఆ క్షణంలో మెరుస్తుంది. మూడో పాదం దాన్ని ఆర్పేస్తుంది. ‘వరండాలోని ఖాళీ కుర్చీలో వాన పడుతోంది’ అని ఒక్క వాక్యంగా రాస్తే ఆ ఆశకు చోటే ఉండదు. వానకు కూర్చోవడాన్ని ఆరోపించడం మానవీకరణ అని గుర్తించడం తేలికే. అయితే ఇక్కడ పని చేస్తున్నది అలంకారం కన్నా ఎక్కువగా విరుపే. పద్యం నాలుగు పాదాలుగా అచ్చయినంత మాత్రాన విరుపు ఉన్నట్టు కాదు. వాక్యం ఎక్కడ విరిగితే అర్థం మరోవైపు తిరుగుతుందో అక్కడ విరగాలి.

చివరిగా, పేరు పెట్టడమే కష్టమైన సందర్భం ఒకటుంది. ‘వాన మొదలైతే అమ్మ ముందు ఆ కుర్చీని లోపలికి లాగుతుంది, ఆ తర్వాతే తీగ మీది బట్టలు తీస్తుంది’ అన్న వాక్యంలో ఉపమ లేదు, రూపకం లేదు, తారుమారైన అర్థం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పిన మాట. ఉన్నదాన్ని కళ్లకు కట్టేట్టు చెప్పడం కూడా ఒక అలంకారమేనని, దాన్ని స్వభావోక్తి అంటారని చెప్పి దండి అర్థాలంకారాల్లో దానికే మొదటి స్థానం ఇచ్చాడు. కుంతకుడు ఒప్పుకోలేదు. వస్తువు స్వభావమే అలంకారమైతే ఆ అలంకారం అలంకరించేది దేన్నని ఆయన అడిగాడు. ఎవడూ తన భుజాన్ని తానే ఎక్కలేడు కదా అన్నాడు. కుంతకుడి తర్కానికి ఎదురు చెప్పడం కష్టం. కానీ దండి పక్షాన ఆ వాక్యం నిలబడి ఉంది. అందులో ‘ముందు’, ‘ఆ తర్వాతే’ అన్న మాటలను తీసేస్తే మిగిలేది స్వభావమే, అయినా అది ఎవరికీ ఏమీ చెప్పదు.